పప్పు ఉడికే నీళ్లు

చి.ల.సౌ. బుజ్జమ్మకి, మీ పెద్ద మావయ్య ఆశీర్వదించి రాసేది.

నిన్న మీ అమ్మ ఫోను చేసి, "పెళ్లి పనులన్నీ అదే చూసుకుంటుందట అన్నయ్యా. శ్రావణంలో, లంకలో, నాన్నగారి దొడ్లోనే చేసుకుంటానంటోంది" అంది. తాతగారి దొడ్లో అనగానే కడుపు నిండిపోయింది. శ్రావణంలో అనగానే నిద్ర పట్టలేదు. అందుకే తెల్లారకుండా లేచి ఈ ఉత్తరం.

నువ్వు పంపిన ఫొటోలన్నీ మీ అత్తయ్య ఫోనులో చూశాను. తెల్ల పరదాల మండపం, చెట్టుకీ చెట్టుకీ మధ్య లైట్ల దండలు, గడ్డి మీద బల్లలు. బాగానే ఉన్నాయి. ఏ రాజస్థాన్ కోటలోనో తీసి ఉంటారు. అక్కడ నేల గట్టి, వాన తక్కువ. మనది గోదారి నడుమ లంకమ్మా. ఇక్కడ పెళ్లంటే ముందు నీళ్లు చూసుకోవాలి, తర్వాతే ఫొటోలు.

శ్రావణంలో గోదారి ఎప్పుడు పొంగుతుందో పంచాంగం చెప్పదు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మన కాజ్‌వే సంగతి నీకు తెలుసుగా, రెండో హెచ్చరిక దాకా మునగకుండా ఆగే రకం కాదు. పెళ్లికొడుకు పడవలో దిగితే ఫొటో బాగుంటుందని నువ్వనుకుంటావు. జనరేటరు, నాలుగొందల కుర్చీలు, గ్యాసు సిలిండర్లు, మగపెళ్లివారి ముసలమ్మలు కూడా ఆ పడవలోనే రావాలి. పైగా వానాకాలంలో లంకలో రెండడుగులు తవ్వితే నీరు. ఇంకుడు గోతులన్నీ నిండి ఉంటాయి. అయిదొందల మంది ఒక్క పూట వాడితే మరుగుదొడ్డి వెనక్కి తంతుంది. ఆ వాసన ఏ సెంటుకీ లొంగదు.

పోనీ కార్తీకం అంటావు. 1996లో కోనసీమని ఊడ్చేసిన తుఫాను నవంబరు 6న వచ్చింది. ఆ రోజుల్లో పందిరి వెయ్యడానికి నాకు ఇప్పటికీ చెయ్యి రాదు. మాఘం పెట్టుకో తల్లీ. నేల ఆరి ఉంటుంది, దాళ్వాకి, అదే రెండో పంటకి, కాలువల నిండా నీళ్లుంటాయి, పనసకాయ లేతగా దొరుకుతుంది. మూఢం ఎప్పుడు మొదలై ఎప్పుడు విడుస్తుందో పంతులుగారిని ముందే అడుగు. మూఢం విడిచిన మొదటి వారంలో ముహూర్తాలన్నీ మీద మీద పడతాయి, సన్నాయివాళ్లూ వంటవాళ్లూ దొరకరు, దొరికినా సగం జట్టు ఇంకో పెళ్లిలో ఉంటుంది. భీష్మ ఏకాదశి ముందూ వెనకా రోజులు కూడా వదిలెయ్యి. అంతర్వేది నరసింహస్వామి కల్యాణానికి బస్సులూ కార్లూ అటే పోతాయి. కాదు, శ్రావణమే అని మీరిద్దరూ మొండికేస్తే, అవతలి ఒడ్డున ఒక కల్యాణ మండపం కూడా మాట్లాడి ఉంచు. అడ్వాన్సు పోయినా పోనీ.

ఇప్పుడు మీ అమ్మ పెళ్లిలో పప్పు సంగతి చెబుతాను. ఇది నీకెవరూ చెప్పి ఉండరు, ఎంచేతంటే మగపెళ్లివారికి తెలియకుండా దాచాం.

అది వైశాఖం. దాళ్వా కోతలయ్యాక కాలువలు కట్టేశారు. ఏట్లో నీరు తగ్గి, పోటుకి సముద్రపు ఉప్పు ఎదురొస్తోంది. అవతలి ఒడ్డున మంచినీళ్ల చెరువు అడుగుకి దిగింది. వంట మేస్త్రీ వారం ముందు వచ్చి సామాను లిస్టు రాస్తూ, బియ్యం కంటే ముందు "నీళ్లు ఏ నీళ్లండీ?" అని అడిగాడు. దొడ్లో బోరుంది కదా, కావలసినన్ని అన్నాను. అతను దోసిట్లో పట్టి పుక్కిలించి, "కాస్త బరువుగా ఉన్నాయండి" అన్నాడు. పెళ్లి హడావుడిలో ఆ మాట చెవికెక్కలేదు.

ఆరొందల మందికి మామిడికాయ పప్పు. పదహారు కిలోల కందిపప్పు. పొద్దున్న ఆరింటికి గాడిపొయ్యి మీద గుండిగ ఎక్కించారు. గంటకి మెత్తబడాల్సిన పప్పు. ఏడున్నరకి గరిటెతో తీసి చూస్తే బద్ద బద్దలాగే ఉంది, వేళ్ల మధ్య నొక్కితే లోపల పలుకు. మంట పెంచారు, అడుగు మాడింది. నీళ్లు పోశారు, అవీ బోరు నీళ్లే. ఎనిమిదింటికి ఎవరో తెలివైనవాడు గుప్పెడు వంటసోడా వేశాడు. నురుగు పొంగి పొయ్యిలో పడింది, పప్పు పచ్చగా జిగురుగా తయారై సబ్బు నీళ్ల వాసన కొట్టింది. మొదటి బంతి పదకొండింటికి.

బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువుంటే అవి గింజలోని పెక్టిన్ అనే జిగురుని పట్టి బిగించేస్తాయి. ఇక ఎంత మరగబెట్టినా బద్ద విడదు. పులుపు కూడా పప్పుని బిగిస్తుంది, అందుకే మామిడికాయ ముక్కలు, చింతపండు పప్పు ఉడికాకే వెయ్యాలి. నిరుటి పప్పైతే మరీ మొండి. సోడా వేస్తే మెత్తబడే మాట నిజమే, చిటికె దాటితే మాత్రం నోట పెట్టలేం.

ఆ రోజు పరువు దక్కించింది పెసరపప్పు. అవతలి ఒడ్డు నుంచి పది బిందెల చెరువు నీళ్లు పడవ మీద తెప్పించి, గుండిగ మార్చి, కందిపప్పు పక్కన పెట్టి పెసరపప్పు వేశాం. అది అరగంటలో ఉడికేస్తుంది. పదిన్నరకి ఇంగువ తాలింపుతో దింపారు. మీ నాన్నగారి వాళ్లది గుంటూరు వైపు కదా, పెళ్లిలో పెసరపప్పు వెయ్యడం గోదారి జిల్లా ఆనవాయితీ కాబోలనుకుని మారు వేయించుకుని తిన్నారు. మీ నాన్న ఇప్పటికీ అదే అనుకుంటున్నాడు. నువ్వు చెప్పకు.

అందుకని, పెళ్లి ఏ నెలలో పెట్టుకున్నా ఆ బోరు నీళ్లు వంటకి వద్దు. నీళ్లు బరువో కాదో తెలుసుకోవడం తేలికే. సబ్బు రుద్దితే నురగ సరిగా రాదు. రెండు గిన్నెల్లో గుప్పెడు గుప్పెడు కందిపప్పు పోసి, ఒకదాంట్లో బోరు నీళ్లు, ఒకదాంట్లో క్యాను నీళ్లు పెట్టి చూస్తే నలభై నిమిషాల్లో నీకే తెలిసిపోతుంది. వంటకి అయిదు వేల లీటర్ల ట్యాంకరు ఒకటి విడిగా పెట్టించు. గిన్నెలు కడగడానికీ చేతులకీ బోరు చాలు. ఆ ట్యాంకరు అంతకుముందు ఏం మోసిందో అడుగు, రొయ్యల చెరువుల పని చేసేవి కూడా పెళ్లిళ్లకి వస్తాయి. మూత తీసి వాసన చూడందే గుమ్మంలోకి రానివ్వకు. తాగడానికి వందమందికి ఇరవై లీటర్ల క్యాన్లు ఆరు. ఎండాకాలమైతే ఎనిమిది.

ఇక మనుషుల్ని కుదుర్చుకోవడం. నువ్వు ఫోనులో ఫొటోలు చూసి, మెసేజి పెట్టి, రేటు కనుక్కుంటున్నావట. రేటు తెలుస్తుంది, మనిషి తెలియడు. వంట మేస్త్రీని చూడాలంటే ఇంకొకరి పెళ్లిలో, ఆఖరి బంతిలో చూడు. ఆ బంతికి అన్నం వేడిగా ఉందా, పెరుగు అందిందా, నీళ్లు కలిపిన సాంబారు వస్తోందా? పిలవని పెళ్లికి వెళ్లడమేంటని సిగ్గుపడకు, ఎవరి పెళ్లో చెప్పు, నేను తీసుకెళ్తాను. ఫొటోలవాడైతే ఏరిన ఇరవై బొమ్మలు చూపిస్తాడు. ఒక పెళ్లి మొత్తం ఆల్బం అడుగు. జీలకర్రా బెల్లం పెట్టే క్షణంలో పంతులుగారి వీపు కనిపిస్తోందో, చేతులు కనిపిస్తున్నాయో చూడు. పెళ్లికి వచ్చేది తనేనా, కుర్రాళ్లని పంపిస్తాడా అన్నది కాగితం మీద రాయించు.

డెకరేషన్ వాడిని ఒక్క ప్రశ్న అడిగితే చాలు. నీ ఫొటోలోని మండపం సాయంత్రం ఆరింటిది. మన ముహూర్తం రాత్రి రెండింటికి పడితే, రెండింటికి ఆ పూలు ఎలా ఉంటాయి? తెల్ల గులాబీలు రేకు చివర గోధుమరంగు తిరుగుతాయి. చేమంతి, బంతి తెల్లారేదాకా నిలుస్తాయి. కడియపులంక మార్కెట్లో పొద్దున్నే కొన్న పూలైనా తడి గోనెసంచుల్లో నీడన ఉంచి, నాలుగు దాటాకే కట్టాలి. శ్రావణంలో అయితే వరలక్ష్మీ వ్రతానికి ముందు రోజు పూల ధర గురించి చెప్పక్కర్లేదు. (మళ్లీ శ్రావణం ఎత్తానని అనుకోకు. ఎత్తాను.)

పందిరి నా పని, దానికి మాత్రం నామాట వినాలి. మన దొడ్లో పద్నాలుగు కొబ్బరిచెట్లున్నాయి. చెట్ల కింద లైట్ల దండలని నువ్వంటున్నావు గాని, ఎండుకాయ పడితే గుడ్డ షామియానా ఆపదు, కింద తల ఉంటుంది. పెళ్లికి అయిదు రోజుల ముందు దింపు తీయించాలి, కాయలే కాకుండా ఎండు మట్టలూ గెలల పీచూ కూడా శుభ్రంగా లాగించాలి. దండల తీగ చెట్టుకి మేకు కొట్టి కట్టొద్దు, తాడుతో కట్టమను. గుడ్డ షామియానా మీద వాన పడితే నడుమ సంచిలాగా నీళ్లు నిలిచి గుంజలు లాగేస్తుంది. పైన రేకుల పందిరి వేసి, లోపల నువ్వడిగిన తెల్ల పరదాలు కట్టిస్తాను. నల్లమట్టి మీద తివాచీ పరిస్తే చెప్పుల కింద బురద ఊరుతుంది, కాబట్టి ముందు రెండు లారీల ఇసుక.

జనరేటరు ఏసీలు లేకపోతే 25 కేవీఏ సరిపోతుంది, ఏసీలు పెడితే 62. పాతిక కేవీఏది బరువు మీద గంటకి అయిదు లీటర్ల డీజిలు తాగుతుంది, ఆ లెక్కన రెండో డబ్బా దగ్గర పెట్టుకో. వీడియోవాళ్ల లైట్లు కరెంటు మీద కాకుండా జనరేటరు మీదే వేయించు. మైకు రాత్రి పదికి కట్టెయ్యాలి, పొద్దున్న ఆరుదాకా చట్టం ఒప్పుకోదు. సన్నాయికి మైకు అక్కర్లేదు, రాత్రి పూట ఏటి మీద ఎలాగూ మోగుతుంది.

భోజనాలకి బఫే అంటున్నావు. ముసలాళ్లు ప్లేటు పట్టుకుని నిలబడలేరు. అరటాకులో బంతి వేద్దాం. లెక్క ఇదీ: 120 మంది కూర్చునే బంతి, తినడం, తీయడం, తుడవడం కలిపి నలభై అయిదు నిమిషాలు. ఆరొందల మందికి అయిదు బంతులు, అంటే దాదాపు నాలుగు గంటలు. వడ్డనకి బంతికి పన్నెండుమంది ఉండాలి. వాళ్లలో ఇద్దరు నీళ్లకీ ఇద్దరు అన్నానికీ, ఇంకే పని చెప్పకూడదు. బియ్యం వందమందికి పన్నెండు కిలోలు. ఐటములు ఇరవై దాటించకు. ముప్ఫై పెడితే ఆకులో చోటు లేక పులిహోర మీద బొబ్బట్టు, బొబ్బట్టు మీద కూర పడుతుంది. ముద్దపప్పు, ఆవకాయ, పనసపొట్టు కూర, కందా బచ్చలి, గుమ్మడి దప్పళం ఉంటే మనవాళ్లు తక్కినవి అడగరు.

మిగతావి ఒక్కో మాట. ఉప్పాడ జాందానీ చీర చేత్తో నేసేది, కావాలంటే నెలల ముందే చెప్పాలి. సారెకి ఆత్రేయపురం పూతరేకులు పెళ్లికి ఒక్కరోజు ముందే తెప్పించు, గాలి తగిలితే మెత్తబడతాయి. తాపేశ్వరం కాజా వారం ముందు తెచ్చినా పరవాలేదు. ఎవరికైనా అడ్వాన్సు మూడోవంతు, పని నడుస్తుండగా మూడోవంతు, తక్కింది ఆఖరి బంతి లేచాక. మ్యారేజి సర్టిఫికెట్టు కోసం శుభలేఖలు నాలుగు దాచి ఉంచు.

విడిది మీ చిన్నమావయ్యకి అప్పజెప్పాను. పొద్దున్న అయిదింటికి కాఫీ లేకపోతే వియ్యపురాలు ఎలా ఉంటుందో వాడికి తెలుసు.

ఇదంతా చదివి, మావయ్య భయపెట్టేస్తున్నాడనుకుంటావేమో. మొన్నమొన్నటిదాకా ఆ దొడ్లో కొబ్బరి పూత ఏరుకుని బొమ్మలపెళ్లి చేసిన పిల్లవి. నీ పెళ్లికి అక్కడ పందిరి గుంజ పాతడం నాకు తప్ప ఇంకెవడికీ ఇవ్వను, దానికి బిల్లు కూడా వెయ్యను. జనరేటరుకి మాత్రం వేస్తాను, అది నాది కాదు.

ఆదివారం వస్తున్నావటగా. వచ్చేటప్పుడు లంకలో దిగి, దొడ్లో బోరు కొట్టి, మొదటి నాలుగు బిందెలు పారబోసి, అయిదోదాంట్లోంచి రెండు లీటర్లు సీసాలో పట్టుకురా. కందిపప్పు మీ అత్తయ్య తెప్పించి ఉంచింది.

మీ పెద్ద మావయ్య