ఎర్రలైటు వేసే ముందు

చిట్టీ,

పాత ఇటాలియన్ హారర్ సినిమాల తరహాలో షార్ట్ ఫిల్మ్ తీస్తున్నావట, అదీ తాతగారి పాతింట్లో! మీ నాన్న ఫోన్ చేసి చెప్పగానే, మనింట్లో ఇంకొకరు లైట్ల మధ్యకి వస్తున్నారని కనిపించిన వాళ్లందరికీ చెప్పుకున్నాను. రాత్రి పడుకున్నాక గుబులు మొదలైంది. ఆ ఇంటి వైరింగు సంగతి నాకు తెలుసు.

కథ చిన్నదిగా ఉంచు. యూనిట్‌కి వేళకి భోజనం పెట్టించు. ఇవి నీకు చెప్పక్కర్లేదు.

చెప్పాల్సింది రంగు గురించి. డారియో అర్జెంటో తీయగా 1977లో వచ్చిన 'సస్పిరియా' చూసిన ప్రతివాడూ ఉన్న లైట్లన్నిటికీ ఎర్ర జెలటిన్ పేపరు కట్టేస్తాడు. మద్రాసులో నేను లైట్‌మ్యాన్‌గా ఉన్నప్పుడు ఒక దెయ్యం సినిమాకి ఓ కుర్ర కెమెరామ్యాన్ అదే చేశాడు. గోడ ఎరుపు, చీర ఎరుపు, ముఖమూ ఎరుపే. రషెస్, అంటే ఆ రోజు తీసిన ముక్కలు, వేసి చూస్తే ముక్కేదో చెంపేదో తెలియలేదు. కాసేపటికి కళ్లు ఆ ఎరుపుకి అలవాటు పడిపోయాయి, ఇంక భయమెక్కడ? ఆ సీన్లన్నీ మళ్లీ తీయాల్సి వచ్చింది. పాపం, ఆ అబ్బాయి స్టూడియో మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు. టీ ఇచ్చి పక్కన కూర్చున్నాను. ఎరుపు పక్కన నీలమో ఆకుపచ్చో పెట్టు నాయనా, రెంటికీ నడుమ చీకటి వదులు అన్నాను. నువ్వూ అదే మొండిపని చేశావో, మీ నాన్న ముందే చెవి మెలిపెడతాను.

ఇటలీ దర్శకుడు మారియో బావా 1964లో తీసిన 'బ్లడ్ అండ్ బ్లాక్ లేస్'లో పాతసామాన్ల కొట్టు సీను చూడు. రంగు వెలుగు వస్తూ పోతూ ఉంటుంది. వచ్చినప్పుడు వస్తువులు కనిపిస్తాయి, పోయినప్పుడు హంతకుడెక్కడున్నాడోనని మన ప్రాణం కొట్టుకుంటుంది. అంత సొగసు చేసినవాళ్ల దగ్గర డబ్బుల్లేవమ్మా. ట్రాలీకి బదులు పిల్లల ఆటబండి మీద కెమెరా పెట్టి లాగారట. ప్రతి ఫ్రేములో మనిషి చెయ్యి కనిపిస్తుంది కాబట్టే ఇన్నేళ్లయినా ఆ సినిమాలు చూడబుద్ధవుతాయి.

షూటింగుకి ముందు ఒక పని చెయ్యి. 1957 నాటి 'ఇ వాంపిరి'లో, షాట్ కట్ కాకుండానే అందగత్తె ముసలిదైపోతుంది. కెమెరా పట్టింది బావాయే. ముఖం మీద ఎర్రరంగుతో ముడతలు గీసి ఎర్రలైటు వేస్తే, బ్లాక్ అండ్ వైట్‌లో అవి కనిపించవు. మెల్లగా ఎరుపు తగ్గించి ఆకుపచ్చలైటు పెంచితే గీతలు నల్లగా పైకి తేలతాయి. అద్దం ముందు కూర్చుని నీ ముఖం మీదే చేసుకో, ఫోన్‌లో బ్లాక్ అండ్ వైట్ పెట్టి తీసి చూడు. లైటంటే ఏమిటో వేళ్లకి తెలుస్తుంది.

అప్పట్లో ఇటలీవాళ్లు మాటలు తర్వాత డబ్బింగులో వేసుకునేవారు కాబట్టి, 'సస్పిరియా'కి అర్జెంటో సెట్లోనే గాబ్లిన్ అనే రాక్ బృందం సంగీతం గట్టిగా పెట్టించేవాడు. నువ్వూ డబ్బింగు చెప్పుకునేటట్టయితే అలా చెయ్యి.

ఇక నా భయం. 'సస్పిరియా' కెమెరామ్యాన్ తోవోలి పెద్ద పెద్ద ఆర్క్ లైట్ల ముందు రంగు వెల్వెట్ గుడ్డలు బిగించాడని ఎక్కడో చదివి, మీ అమ్మ పట్టుచీరలు తీస్తావేమో! వాళ్ల వెనక అనుభవమున్న లైట్‌మ్యాన్లు ఉన్నారు. బేబీ లైటని చిన్న స్టూడియో లైటు, దాని వేడికి జెలటినే మాడి ముడుచుకుపోవడం నేను చూశాను. నువ్వు ఎల్ఈడీలే వాడు. వాటికి కూడా గుడ్డ తగలనివ్వకు. ఆ ఇంట్లో ఒక ప్లగ్గుకి ఒక లైటే. బకెట్లో ఇసుక పెట్టుకో.

నాకు తెలిసిన ఎలక్ట్రీషియన్‌ని శనివారం పంపుతున్నాను. అతను వైరింగు చూసి సరేననేదాకా స్విచ్చు వెయ్యకు. ఖర్చు నాది.

మీ పెదనాన్న