ల్యాబ్‌కి ఏ డీఎన్ఎస్ సర్వర్ వేసుకోవాలి?

ప్రశ్న: గుంటూరు బ్రాడీపేటలో మాకు చిన్న కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. 40 సిస్టమ్స్, ఒకటే రూటర్. పాత పీసీలో ఉబుంటు వేసి సొంత డీఎన్ఎస్ సర్వర్ (పేరు అడిగితే ఐపీ నంబరు చెప్పేది) పెడదామనుకుంటున్నాం. మా టెస్ట్ సర్వర్‌ని పిల్లలు ఐపీ నంబరు కొట్టకుండా పేరుతోనే తెరవాలి. మా వెబ్‌సైట్ డొమైన్ కూడా అందులోనే పెట్టేద్దామా? మా సార్ బైండ్ అంటారు, ఫ్రెండ్ అన్‌బౌండ్ అంటాడు, నేనేమో డీఎన్ఎస్‌మాస్క్ గురించి చదివాను. ఫ్రీవే కావాలి.
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: డీఎన్ఎస్‌మాస్క్ వేసుకోండి. వెబ్‌సైట్ డొమైన్‌ని మాత్రం ఆ పీసీ దగ్గరికి రానివ్వకండి.

మీ సార్ చెప్పిందీ తప్పు కాదు, మీ ఫ్రెండ్ చెప్పిందీ తప్పు కాదు. డీఎన్ఎస్ సర్వర్ అనే ఒక్క పేరు కింద రెండు వేర్వేరు పనులున్నాయి, గొడవంతా అక్కడే. ఒకటి, పిల్లలు అడిగిన పేరుకి ఐపీ ఎక్కడుందో కనుక్కొచ్చి కాసేపు గుర్తుపెట్టుకోవడం. రెండోది, 'ఈ డొమైన్ నాది, అడ్రసు ఇదీ' అని బయటివాళ్లకి చెప్పడం. అన్‌బౌండ్ ప్రధానంగా మొదటి పనికి, ఎన్ఎస్‌డీ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ రెండోదానికి. 1980ల్లో బర్క్‌లీ యూనివర్సిటీలో పుట్టిన బైండ్ రెండూ చేస్తుంది, కానీ దాని జోన్ ఫైళ్లతో (డొమైన్ రికార్డులు రాసే ఫైళ్లు) కాస్త ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. విజయవాడ గవర్నర్‌పేటలో తెలిసినవాళ్ల షాపుకి నేనే ఒకసారి మెయిల్ రికార్డు రాసి, పేరు చివర చుక్క పెట్టడం మర్చిపోయాను. చుక్క లేకపోతే ఆ పేరు వెనక డొమైన్ పేరు మళ్లీ తగిలించేస్తుంది, అంటే లేని అడ్రసు తయారవుతుంది. దిద్దాక కూడా, పాత జవాబు అక్కడక్కడా టీటీఎల్ (జవాబుని గుర్తుపెట్టుకునే గడువు) అయ్యేదాకా బతికే ఉంది, ఆ మధ్యాహ్నమంతా ఫోన్లే ఫోన్లు.

డీఎన్ఎస్‌మాస్క్‌లో ఈ తంటా లేదు. ఆ పీసీలో హోస్ట్స్ ఫైల్ తెరిచి 192.168.1.20 పక్కన టెస్ట్ సర్వర్ పేరు రాసి, సర్వీస్ రీస్టార్ట్ చేస్తే చాలు. బయటి పేర్ల కోసం అది తనంతట తాను రూట్ సర్వర్ల (డీఎన్ఎస్ అంతటికీ మొదటి మెట్టు) దాకా వెళ్లదు, మీ నెట్ వాళ్ల డీఎన్ఎస్‌నో గూగుల్ 8.8.8.8నో అడుగుతుంది. అది నచ్చకపోతే అప్పుడు అన్‌బౌండ్. డీఎన్ఎస్‌మాస్క్ జవాబులు గుర్తుపెట్టుకునే క్యాష్ మామూలుగా 150 పేర్లకే ఉంటుంది, 40 మందికి ఏం సరిపోతుంది, వెయ్యికి పెంచండి. ఫ్రీ సంగతంటారా, ఇవన్నీ ఓపెన్ సోర్సే, వాడుకోవడానికి లైసెన్స్ టెన్షన్ లేదు.

డొమైన్ ఎందుకొద్దన్నానంటే దానికి స్టాటిక్ (ఎప్పుడూ మారని) ఐపీ, వేరే చోట రెండో నేమ్ సర్వర్ కావాలి. బ్రాడీపేటలో కరెంటు పోతే హైదరాబాద్‌లో ఎవరికీ మీ సైట్ తెరుచుకోకపోవడం ఏం బాగుంటుంది? కొన్నచోటే ఉంచేయండి.

ఉబుంటులో డీఎన్ఎస్ వాడే 53 పోర్టుని ముందే దాని సొంత డీఎన్ఎస్ సర్వీస్ సిస్టమ్‌డీ రిజాల్వ్‌డ్ పట్టుకుని కూర్చుంటుంది, ఎర్రర్ వస్తే మొదట దాన్ని చూడండి. రూటర్‌లో ఆ పోర్టు బయటికి తెరవొద్దు. ఇంకోటి, రూటర్ సెట్టింగ్స్‌లో మొదటి డీఎన్ఎస్‌గా మీ పీసీ ఐపీ ఇచ్చి, సేఫ్టీకని రెండోదిగా 8.8.8.8 ఇస్తారు చాలామంది, అలా చేయకండి, కొన్ని సిస్టమ్స్ నేరుగా దాన్నే అడిగి మీ టెస్ట్ సర్వర్ అసలు లేదనేస్తాయి. దాని బదులు ఆ పాత పీసీకి యూపీఎస్ తగిలించండి.