సోమవారం డ్యూటీకెళ్తే ఛాతీ పట్టేస్తోంది... టీబీయా?

ప్రశ్న: నా వయసు 47. జూట్ మిల్లులో కార్డింగ్ (నార దువ్వే) సెక్షన్‌లో చాలా ఏళ్లుగా పని. ఆదివారం సెలవయ్యాక సోమవారం డ్యూటీకెళ్తే మధ్యాహ్నానికల్లా ఛాతీ పట్టేసి ఆయాసం వస్తోంది. గురువారానికి తగ్గుతుంది. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. బీడీ తాగుతాను. టీబీ అని టెన్షన్‌గా ఉంది.
- ఓ పాఠకుడు, విజయనగరం జిల్లా

జవాబు: టీబీ వారాలు చూసుకుని రాదు. అయినా దగ్గు రెండు వారాలు దాటితే కళ్లె పరీక్ష చేయించండి. మీరు రాసినదాన్ని బట్టి నాకు ముందుగా అనుమానం వచ్చేది నార దుమ్ముతో వచ్చే బిసినోసిస్ మీద. సెలవు తర్వాత మొదటి రోజు ఎక్కువగా ఉండటం దీని గుర్తు. మిల్లుకి సెలవు శుక్రవారమైతే శనివారం పట్టేస్తుంది, అంతే తేడా.

ఇది కొత్త జబ్బేమీ కాదు. ఇటలీ వైద్యుడు రమజ్జినీ 1700లోనే అవిసె, హెంప్ నార దువ్వేవాళ్ల దగ్గు, ఆయాసం గురించి రాశాడు. రోగిని ‘ఏం పని చేస్తావు?’ అని అడిగి తీరాలన్నదీ ఆయనే. మన ఓపీల్లో ఆ ప్రశ్న ఇప్పటికీ అరుదే. బీడీ సంగతి మాత్రం అందరం అడుగుతాం! ఇంగ్లండ్ నూలు మిల్లుల్లో ఈ దగ్గు గురించి 1831లో వైద్యుడు కే రాశాడు. 1950ల్లో బ్రిటిష్ వైద్యుడు షిల్లింగ్ దీన్ని దశలుగా విడగొట్టాడు: మొదట్లో వారం తొలిరోజే బాధ, తర్వాత మిగతా రోజులకీ పాకడం, చివరికి ఊపిరితిత్తులు శాశ్వతంగా దెబ్బతినడం. మీకు బుధవారం దాకా ఉంటోందంటే మొదటి మెట్టు దాటినట్టే.

జూట్‌తో ఈ జబ్బు రాదని చాలాకాలం అనుకున్నారు. పత్తి అంత కాకపోయినా వస్తుందని తర్వాత బెంగాల్ మిల్లుల్లో చూశారు. నారతోపాటు ఎగిరే బ్యాక్టీరియా విషాలే శ్వాసనాళాలు బిగుసుకోవడానికి ముఖ్య కారణం. కార్డింగ్‌లోనే దుమ్ము ఎక్కువ. ఎయిర్ పెట్టి మెషీన్ ఊదేటప్పుడు మరీను. షిఫ్ట్ దిగేసరికి కనుబొమల మీద కనిపించేది పెద్ద నూగే. లోపలికి పోయేది కంటికి కనపడదు, ముఖానికి చుట్టుకున్న తువ్వాలు దాన్ని ఆపదు. ఎన్95 మాస్కు కొంత నయం. అసలు మందు ఆ సెక్షన్ మారడమే. బీడీ మానకపోతే నష్టం రెట్టింపు.

నష్టపరిహార చట్టం జాబితాలో ఈ జబ్బు ఉంది కానీ పత్తి, ఫ్లాక్స్ (అవిసె), హెంప్, సైసల్ దుమ్ముల పేర్లే రాశారు, జూట్ పేరు లేదు. అందుకే మీ సెక్షన్, ఎన్నేళ్లుగా చేస్తున్నారో ఓపీ చీటీలో రాయించుకోండి.

ఎక్స్‌రే మామూలుగా ఉన్నా ఈ జబ్బు ఉండొచ్చు. స్పైరోమెట్రీ (గొట్టంలోకి ఊదించి ఊపిరితిత్తుల పనితీరు కొలిచే పరీక్ష) కావాలి. ఈఎస్ఐలో అడగండి, లేదంటే విశాఖ ఛాతీ ఆసుపత్రికి వెళ్లండి. టెస్ట్ కోసమని సోమవారం సెలవు పెట్టకండి. డ్యూటీకి ముందోసారి, దిగాక మరోసారి ఊదితేనే తేడా దొరుకుతుంది. కళ్లెలో రక్తం పడినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా సోమవారం దాకా ఆగొద్దు, వెంటనే వెళ్లండి.