అంత్యక్రియల పనిలో చేరిన కొడుకు గురించి ఒక తండ్రి అడిగారు

ప్రశ్న: మాది చిత్తూరు. మావాడు బీకాం అయ్యాక తిరుపతిలో అంత్యక్రియలు చూసే సర్వీసులో చేరాడు. ఫ్రీజర్ బాక్స్, వ్యాను, శ్మశానం పనులు అన్నీ వాడే. వాళ్లమ్మ పోయి ఏడాదిన్నర. అప్పటి నుంచే ఈ పిచ్చి. ఇంట్లో ఆమె మాటే ఎత్తకుండా చూసుకున్నాం, అయినా మారలేదు. ఇప్పుడు ఆన్‌లైన్‌లో ‘గ్రీఫ్ కౌన్సెలర్’ (ఆప్తులు పోయినవాళ్లకు ఊరటనిచ్చే సలహాదారు) సర్టిఫికెట్‌కు ముప్పై వేలు అడుగుతున్నాడు. అది మంచిదా, ఎంఏ సైకాలజీ మంచిదా? రేపు వాడికి పిల్లనెవరిస్తారు?

జవాబు: ‘పిల్లనెవరిస్తారు’ అనే మాట నేను చాలాసార్లు విన్నాను. మార్చురీలో ఉద్యోగం వచ్చిన అబ్బాయి తల్లీ అదే అడిగింది, అంబులెన్స్ నడిపే కుర్రాడి మేనమామా అదే అడిగాడు. వాడు రోజూ చేస్తున్నదేమిటో మీరెప్పుడైనా అడిగారా?

తిరుపతిలోని రుయా, స్విమ్స్ ఆసుపత్రులకు పక్క జిల్లాల నుంచి కూడా రోగులొస్తారు. దర్శనానికి వచ్చినవాళ్లలో ఒకరు ఉన్నట్టుండి పోతారు. ఇంటివాళ్లకు ఊరు తెలియదు, ఒక్కోసారి భాషా రాదు. చేతిలో లడ్డూల సంచి, ఎదురుగా మార్చురీ. ఆ సమయంలో వాళ్ల పక్కన నిలబడేది మీవాడిలాంటి మనిషే. ‘బాడీ’ అనకుండా ‘మీ నాన్నగారు’ అనాలి. బండికి ఎంతవుతుందో, ఏ కాగితాలు కావాలో, మరణాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయించాలనీ తొందరపెట్టకుండా చెప్పాలి. ఆ స్థితిలో ఒకసారి చెబితే బుర్రకెక్కదు, రాసి చేతికివ్వాలి. ‘ఏడవకండి’ అనకూడదు. తాత నిద్రపోయాడని పిల్లలకు చెప్పబోతే, చనిపోయాడనే చెప్పమనాలి. లేకపోతే ఆ పిల్లలు రాత్రి పడుకోవడానికే భయపడొచ్చు.

ఇక ఆ సర్టిఫికెట్. నాకు దానిమీద నమ్మకం లేదు. పిల్లలు నాకు చూపించిన ఇలాంటి బ్రోషర్లన్నీ దుఃఖానికి ఐదు దశలంటూ మొదలవుతాయి. 1969లో ఎలిజబెత్ కూబ్లర్ రాస్ అనే మనోవైద్యురాలు ఆ దశలు చెప్పింది, తమకు చావు దగ్గరపడిందని తెలిసిన రోగులతో మాట్లాడి. ఆప్తులను పోగొట్టుకున్నవాళ్లు మెట్లెక్కినట్టు వాటిని వరసగా దాటరు. 1999లో స్ట్రోబ్, షుట్ అనే ఇద్దరు పరిశోధకులు చెప్పింది మన ఇళ్లకు దగ్గరగా ఉంటుంది: మనిషి కాసేపు దుఃఖంలో మునుగుతాడు, కాసేపు బతుకు పనుల్లో పడతాడు, మళ్లీ మునుగుతాడు. మూడో రోజు పాలు పోసి వచ్చి గుండెలవిసేలా ఏడ్చిన ఆడమనిషే సాయంత్రం పాలవాడి లెక్క చూడటం మనకు కొత్తా? దాన్ని కంప్యూటర్ ముందు రెండు శని, ఆదివారాలు కూర్చుని నేర్చుకోలేరు. ఆ కాగితం పట్టుకుని విరిగిన మనసులతో ఆడుకునేవాళ్లంటే నాకు భయం. ముప్పై వేలు కట్టకండి.

ఎంఏ సైకాలజీ మేలు. ఇదివరకు ఇగ్నో దూరవిద్యలో ఏ డిగ్రీ ఉన్నా చేరి, పని మానకుండా చదువుకునే వీలుండేది. 2025 నుంచి సైకాలజీలో దూరవిద్య అడ్మిషన్లను యూజీసీ ఆపించింది, కాబట్టి కాలేజీకి వెళ్లి చదివే కోర్సే చూడాలి. అయితే ఎంఏతోనే క్లినికల్ సైకాలజిస్ట్ అయిపోరు. దానికి రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా అనే కేంద్ర సంస్థ గుర్తించిన శిక్షణ వేరే ఉంది. కోర్సుల సంగతి ఇంతే.

ఇప్పుడు మీ మీద కోపం వచ్చిన చోటు చెబుతాను. ఆమె మాటే ఎత్తకుండా చూసుకున్నామని మీరే రాశారు. ఏడాదిన్నర పాటు తల్లి పేరు వినపడని ఇంట్లో ఆ పిల్లాడు ఏం చేయాలి? ఆమె గురించి మాట్లాడటానికి చోటు లేక, మరణం గురించి మాట్లాడే చోటికి వెళ్లాడేమో. దాన్ని పిచ్చి అనకండి. మీరూ భార్యను పోగొట్టుకున్నారు. ఉత్తరంలో మీ గురించి ఒక్క మాట లేదు.

మీ అసలు భయం నాకు అర్థమైంది: వాడు ఆ దుఃఖంలోనే ఉండిపోతాడేమోనని. తిండి, నిద్ర సరిగా ఉండి, స్నేహితులతో నవ్వుతూ, పనికి వేళకు వెళ్తుంటే భయపడాల్సిన పని లేదు. ఏడాది దాటినా దాదాపు రోజూ అదే తలపు, బతకడం దండగన్న మాటలు, మనుషులకు దూరంగా ఉండటం కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకండి. టెలీమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. ఆ నంబరు మీకు కూడా.

పెళ్లి సంగతి పెళ్లినాటికి చూద్దాం. ఈసారి వాడు ఇంటికొచ్చినప్పుడు స్నానానికి నీళ్లు తోడి, భోజనం దగ్గర వాళ్లమ్మ గురించి మీరే మొదలుపెట్టండి. వాడు ఏం చెప్పాడో రాయండి, అప్పుడు అడ్మిషన్ గురించి మాట్లాడుకుందాం.