టెక్ సందేహాలు: మిర్చి ఘాటును బ్యాక్టీరియా తింటుందా?

ప్ర: మా ఇల్లు గుంటూరు మిర్చి యార్డుకు దగ్గర. సీజన్‌లో ఆ ఘాటుకు అమ్మకు దగ్గు ఆగదు. దానికితోడు కొత్త ప్లైవుడ్ కప్‌బోర్డుల వాసన. కొబ్బరి పీచులో మొక్క నాటి, వేళ్ల దగ్గరుండే బ్యాక్టీరియాతో గాలి శుభ్రం చేసే మెషిన్ ఆన్‌లైన్‌లో చూశాను. ఫిల్టర్ మార్చే పనే లేదట. కొనమంటారా?

జ: ఘాటు కోసమైతే వద్దండి. బ్యాక్టీరియా తినేది వాయువుల్ని, దుమ్మును కాదు. మిర్చికి ఘాటునిచ్చే కాప్సైసిన్ తేలిగ్గా ఆవిరయ్యే రకం కాదు, కాయల పొడి మీద కూర్చుని మీ ఇంటికొస్తుంది. దాన్ని పట్టడానికి హెపా ఫిల్టరే కావాలి. 0.3 మైక్రాన్ల కణాల్ని కూడా 99.97 శాతం ఆపుతుంది. 12x10 అడుగుల గదికి గంటకు 170 ఘనపు మీటర్ల సీఏడీఆర్ (మెషిన్ శుభ్రం చేసి ఇచ్చే గాలి లెక్క) ఉన్నది చూడండి. అంటే గది గాలి గంటకు ఐదుసార్లు వడకట్టినట్టు.

ప్లైవుడ్ వాసన సంగతి వేరు. ప్లైవుడ్ జిగురులోంచి ఫార్మాల్డిహైడ్ అనే వాయువు వస్తుంది. దీన్ని బ్యాక్టీరియా నిజంగానే తింటుంది. 1989లో నాసా వాళ్లు మూసిన పెట్టెల్లో మొక్కలు పెట్టి చూశారు. ఆకుల కంటే వేళ్లు, వాటి చుట్టూ ఉండే సూక్ష్మజీవులే ఎక్కువ పని చేస్తాయని తేలింది. మురుగు శుద్ధి కేంద్రాల్లో దుర్వాసనకు కంపోస్టు, చెక్క ముక్కల పడకల్లోంచి గాలి పంపేదీ ఈ పద్ధతిలోనే. కానీ అక్కడ పడకలు గదులంత ఉంటాయి, వాటిని తడి ఆరకుండా చూస్తారు. టేబుల్ మీది డబ్బాలో ఆ బలం ఎక్కడిది? కిటికీ తెరిస్తే వచ్చేంత ఫలితం కుండీ మొక్కలతో రావాలంటే చదరపు మీటరుకు 10 నుంచి 1000 దాకా కావాలని 2019లో ఒక సమీక్ష లెక్కగట్టింది. హాల్లో అడుగు పెట్టే చోటుండదు!

యార్డులో పని మొదలవకముందే, తెల్లవారుజామున, కప్‌బోర్డుల తలుపులు, కిటికీలు బార్లా తెరవండి. మొక్క సాయమే కావాలంటే, చాలా ప్యూరిఫయర్లలో ఉండే కార్బన్ ఫిల్టర్ కొబ్బరి చిప్పల బొగ్గే. వాసనలు పీలుస్తుంది, ఫార్మాల్డిహైడ్ మీద మాత్రం అంతంతే.

ప్ర: హెపా ఫిల్టర్‌ను కడిగి వాడొచ్చా? (విజయవాడ)

జ: కడగొచ్చని దాని మీద రాసి ఉంటే తప్ప వద్దు. తడిస్తే పాడవుతుంది. ముందుండే జాలీని మాత్రం రెండు వారాలకోసారి దులపండి. బెంజి సర్కిల్ దగ్గర మా ఇంట్లో జాలీని నేను బద్ధకించి వదిలేస్తే, తెల్లటి ఫిల్టర్ ఆరు నెలలకే కాఫీ పొడి రంగుకొచ్చింది.