ఫ్రెండు ఎన్నికల్లో దిగుతున్నాడు, ఎఫ్‌డీ తీసి ఇవ్వమంటారా?

ప్రశ్న: నాది రణస్థలం దగ్గర ఒక పల్లెటూరు. వయసు 41. పైడిభీమవరంలో ఒక మందుల కంపెనీలో పనిచేస్తున్నాను, చేతికి 42 వేలు వస్తుంది. మా ఆవిడ ప్రభుత్వ స్కూల్లో టీచరు. ఇంటి లోను నడుస్తోంది. బంగారం మీద లక్షా ఎనభై వేల అప్పుంది. పాప చదువుకని 3 లక్షలు ఎఫ్‌డీ వేశాం. పాపకి 15 నిండాయి, టెన్త్ చదువుతోంది. అన్నీ పోగా నెలకి తొమ్మిది వేల దాకా మిగులుతుంది. ఒకటో తరగతి నుంచీ నాతో చదివిన స్నేహితుడు 2029 అసెంబ్లీ ఎన్నికల్లో నిలబడతానంటున్నాడు. పార్టీ టిక్కెట్టు ఇస్తే సరే, లేకపోతే ఇండిపెండెంటుగా. మంచివాడు, డబ్బున్నవాడు కాదు. నన్ను 2 లక్షలు సర్దమన్నాడు. మా చుట్టుపక్కల 300 ఇళ్లలో తలా వెయ్యి వసూలు చేసే పని కూడా నాకే అప్పజెప్పాడు. ఖతార్‌లో ఉన్న మా తమ్ముడు కూడా పంపిస్తానంటున్నాడు. రాజకీయ చందాకి టాక్స్ మినహాయింపు ఉంటుందని ఆఫీసులో చెప్పారు. ఎఫ్‌డీ తీసి ఇవ్వమంటారా?

జవాబు: మీ ఉత్తరంలో నన్ను పట్టుకున్నది 2 లక్షలన్న అంకె కాదండీ, ‘సర్దమన్నాడు’ అన్న మాట. సర్దడం అంటే మన వైపు చేబదులు. ఇవాళ ఇచ్చి పంట చేతికొచ్చాకో, చీటీ పాడుకున్నాకో తిరిగి తీసుకునేది. ఎన్నికల్లో పెట్టిన డబ్బుకి పంట లేదు. ఓడిపోతే ఆయన దగ్గర ఉండదు. గెలిచి, మీరు చెప్పినట్టు మంచివాడిగానే మిగిలితే అప్పుడూ ఉండదు. గెలిచి మీ 2 లక్షలు చకచకా తీర్చేశాడంటే, అది ఎక్కణ్ణుంచి వచ్చిందని మీరే అడగాల్సొస్తుంది. అందుకని ముందు ఆయన్ని కూర్చోబెట్టి ఇది చందానా, అప్పా తేల్చుకోండి. చందా అయితే ఎంతివ్వాలో మాట్లాడుకుందాం. అప్పయితే నా సలహా ఒక్కటే, వద్దు. పూచీ సంతకమూ వద్దు.

ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే, నేను హైస్కూల్లో ఉండగా మా నాన్న ఇదే పని చేశారు. అమ్మ నాలుగు పేటల గొలుసు తాకట్టు పెట్టి తన స్నేహితుడి ఎన్నికల ఖర్చుకి సర్దారు. ఆయనకి డిపాజిట్టు దక్కలేదు. తర్వాత ఆయన మా ఊరి బస్టాపులో దిగడం మానేసి, ఒక స్టాపు ముందే దిగి చేలగట్టు మీద నడిచి వెళ్లేవారు. పెళ్లి పందిట్లో ఎదురుపడితే ఇద్దరూ రాటల వంక చూసేవారు. గొలుసు సంగతి అమ్మ ఎన్నడూ ఎత్తలేదు గానీ, ఒకసారి మాత్రం అంది: “గొలుసు పోతే పోనాది, ఆయనొస్తే టీ పెట్టాలో మానాలో తెలీకుండా పోనాది.”

ఇప్పుడు మీ లెక్క. ఎఫ్‌డీ ముట్టుకోకండి. అది పాప ఇంటరు ఫీజులకని పేరు పెట్టుకున్న డబ్బు. ఆ ఫీజులు ఎన్నికల కంటే ముందే వస్తాయి. గడువుకి ముందు తీస్తే వడ్డీలో కోత సరే సరి. మిగిలే తొమ్మిది వేల నుంచి ముందు బంగారం అప్పు తగ్గించుకోండి. స్నేహితుడి పేరు చెప్పి నెలకి 500 పక్కన పెట్టండి. మూడేళ్లు పెడితే అసలు 18,000, పైన వడ్డీ. దీన్ని ఇప్పట్నుంచే ఆయన చేతిలో పొయ్యకండి, బ్యాంకులో మీ పేరు మీదే రికరింగ్ డిపాజిట్ కట్టండి. పోస్టాఫీసు ఆర్‌డీ అయిదేళ్లది, మీకు పనికిరాదు. బ్యాంకులో మూడేళ్లకి పెట్టుకోవచ్చు. ఈలోగా ఆయన మనసు మారొచ్చు, టిక్కెట్టు రాకపోవచ్చు, మీకు నచ్చని కండువా కప్పుకోవచ్చు. అప్పుడా డబ్బు పాప హాస్టలు ఖర్చుకి పనికొస్తుంది. నామినేషన్ వేసిన రోజున ఆయన అదే మనిషైతే నిశ్చింతగా ఇవ్వండి. 2 లక్షలడిగితే 18 వేలేమిటని ఆయన నొచ్చుకుంటే, నెలనెలా మూడేళ్లు ఆయన కోసం దాచినవాళ్లు ఇంకెవరున్నారో చెప్పమనండి.

టాక్స్ మాట. ఇక్కడ మీ ఆఫీసువాళ్లు సగమే చెప్పారు. 80జీజీసీ అని మనం పిలుచుకునే ఆ మినహాయింపు రిజిస్టరైన రాజకీయ పార్టీకో, పార్టీలకి చందాలు చేరవేసే ఎలక్టోరల్ ట్రస్టుకో ఇచ్చినదానికే. అభ్యర్థి చేతికిచ్చినా, ఆయన సొంత ఖాతాలో వేసినా వర్తించదు. ఇండిపెండెంటైతే అసలు ప్రశ్నే లేదు. పార్టీకిచ్చినా నగదుగా ఇస్తే చెల్లదు. పైగా పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే. కొత్త విధానంలో మీ జీతానికి పన్నే పడదు, ఇక లేని పన్నులో మినహాయింపు ఏం తీసుకుంటారు? ఇది ఇంత వివరంగా రాయడానికి కారణముంది. ఊరూపేరూ లేని పార్టీకి చెక్కు రాయించి, కమీషన్ పట్టుకుని మిగతాది నగదుగా వెనక్కిచ్చే దళారులు మన దగ్గరా తిరుగుతున్నారు. ఆదాయపు పన్ను శాఖ ఇలాంటి క్లెయిములు చేసినవాళ్లకి నోటీసులిచ్చింది. ఏళ్ల తరబడి ఎన్నికల్లో పోటీయే చెయ్యని 334 పార్టీలను ఎన్నికల సంఘం 2025 ఆగస్టులో జాబితా నుంచి తీసేసింది. మీ ఆఫీసులో ఎవరైనా “సగం వెనక్కొస్తుంది” అంటే ఆ టీ తాగేసి లేచి వచ్చేయండి.

మీ ఆవిడ సంగతి మీరు అడగలేదు, నేనే చెప్తాను. ప్రభుత్వోద్యోగి రాజకీయ కార్యకలాపాలకి చందా ఇవ్వడం గానీ, ఇంకే రకంగా సాయపడటం గానీ ప్రవర్తనా నియమాలకి విరుద్ధం. ఉమ్మడి ఖాతా నుంచి పంపినా ఆమె పేరు వస్తుంది. అందుకే ఆ ఆర్‌డీ మీ ఒక్కరి పేరు మీద, మీ జీతం పడే ఖాతా నుంచే. రేపు పోలింగు డ్యూటీ పడేదీ టీచర్లకే. ఆమె మీ స్నేహితుడి తరఫున పోలింగు ఏజెంటుగా కూర్చుంటే ప్రజాప్రాతినిధ్య చట్టంలో మూడు నెలల దాకా జైలు శిక్ష కూడా ఉంది. కరపత్రాలు పంచడానికి తోడు రమ్మని కూడా ఆమెని అడక్కండి.

మీ తమ్ముడిది భారతీయ పాస్‌పోర్టే కదా? అయితే తన సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపొచ్చు. ఖతార్ యజమాని ఇచ్చాడనో, అమెరికా పౌరసత్వం తీసుకున్న మేనమామ ఇచ్చాడనో ఆ డబ్బులో కలిపితే అది విదేశీ విరాళం, అభ్యర్థి తీసుకోకూడదు. పుట్టింది ఇచ్ఛాపురంలోనే అయినా లెక్కలోకి వచ్చేది ఏ దేశం పాస్‌పోర్టన్నదే.

ఇక 300 ఇళ్ల వసూలు. నాకు నిజంగా ఆసక్తి ఉన్న భాగం ఇదే.

మన ఊళ్లలో అమ్మవారి సంబరానికి చందా ఎలా వస్తుందో మీకు తెలుసు. నలుగురు పెద్దలు, ఒక నోటు పుస్తకం. డబ్బు లేని ఇంటి నుంచి కుంచం బియ్యం. చివర్న మైకులో పేర్లు చదువుతారు, వంద రూపాయల పేరూ పదివేల పేరూ ఒకే గొంతుతో. ఆ చదవడం వల్లే డబ్బు దారి తప్పదు. మీ స్నేహితుడికి కావలసింది ఆ పుస్తకం. ఆయన మిమ్మల్నడిగింది వేరు. ఇంటికి వెయ్యి అనగానే అది పన్నులాగా ఉంటుంది. ఇవ్వలేని ఇల్లు మొహం చాటేస్తుంది, ఇవ్వగలిగిన ఇల్లు “రేపు మా వాడి పని చేయించాలి” అంటుంది. అలా ఇచ్చిన వెయ్యి అప్పు కంటే అధ్వాన్నం.

నేనైతే ఇలా మొదలుపెడతాను. అసెంబ్లీకి నామినేషన్ డిపాజిట్టు 10,000, ఎస్సీ ఎస్టీ అభ్యర్థులకి 5,000. ఆ పదివేలు నూరుగురి దగ్గర తలా నూరు చొప్పున పోగు చెయ్యండి. ఒక్కరి దగ్గరా నూటొకటి తీసుకోకండి. ఇండిపెండెంటుకి నామినేషన్ మీద సంతకం చేసే ప్రతిపాదకులుగా ఆ నియోజకవర్గం ఓటర్లు పదిమంది కావాలి, వాళ్లూ ఈ నూరుగురిలోంచే రావాలి. నూరు రూపాయలిచ్చినవాడు సాయంత్రం టీ కొట్టు దగ్గర మీ స్నేహితుడి తరఫున తనే వాదిస్తాడు, ఎందుకంటే డిపాజిట్టులో తన నూరుంది. చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటకపోతే అది పోతుందని కూడా వాళ్లకి ముందే చెప్పండి. నూరుగురు దొరక్కపోతే ఆ సంగతి మీకూ మీ మిత్రుడికీ మూడేళ్ల ముందే తెలిసినట్టు, అదీ మంచిదే.

డబ్బు మాత్రం మీ ఫోన్‌పేలోకి రానివ్వకండి. 3 లక్షలు వందలు వేలుగా మీ జీతం ఖాతాలో పడితే, పన్నువాళ్లు అడిగినప్పుడు జవాబు చెప్పాల్సింది మీరు. అందులో ఒక్క జమ మీద సైబర్ క్రైంలో ఫిర్యాదు పడినా ఖాతా స్తంభిస్తుంది, ఆ నెల ఇంటి లోను వాయిదా ఎక్కణ్ణుంచి కడతారు? అభ్యర్థి ఎన్నికల ఖర్చుకి విడిగా ఒక బ్యాంకు ఖాతా తెరవాలి, నామినేషన్‌కి కనీసం ఒకరోజు ముందే. ఆ క్యూఆర్ కోడే తీసుకుని తిరగండి. ఎన్నికల సమయంలో ఒక్కరి నుంచి 10,000కి మించి నగదు అభ్యర్థి తీసుకోకూడదు. నగదు ఇచ్చేవాళ్లకి నంబరు వేసిన రసీదు, రెండు ప్రతులు. ఏ రోజు నగదు ఆ రోజే ఆ ఖాతాలో కట్టెయ్యాలి. 300 ఇళ్ల డబ్బు సంచిలో వేసుకుని బండి మీద వెళ్తూ చెక్‌పోస్టులో దొరికితే కష్టం: ఎన్నికల కోడ్ ఉన్నప్పుడు అభ్యర్థి మనుషుల దగ్గర 50 వేలు దాటిన నగదు పట్టుకుంటారు. దగ్గరి బంధువులు కాని వారి నుంచి ఏడాదిలో వచ్చిన మొత్తం 50 వేలు దాటితే ఆదాయపు పన్ను ప్రశ్న కూడా వస్తుంది, అది మీ స్నేహితుడి తలనొప్పి. ఆయన ఇప్పుడే ఒక ఆడిటరుని చూసుకోవాలి.

అసలు ఎంత కావాలి అన్నది ఆయన్ని అడిగారా? అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి మన రాష్ట్రంలో 40 లక్షలు, 2022 నుంచి. రెండు లక్షల ఓటర్లున్న చోట మనిషికి 20 రూపాయలన్నమాట. మీ 300 ఇళ్లు నిజంగా తలా వెయ్యి ఇస్తే అందులో ఏడున్నర శాతం మీ పల్లెల నుంచే. నామినేషన్ నుంచి ఫలితం దాకా పైసాపైసా రాసి, ఫలితం వచ్చిన 30 రోజుల్లో లెక్క అప్పజెప్పాలి. సరైన కారణం లేకుండా ఇవ్వకపోతే మూడేళ్లు అనర్హత. ఆ లెక్కని ఒక్క రూపాయి రుసుం కట్టి ఎవరైనా చూడొచ్చు. మీ నూరుగురిలో ఇద్దర్ని తీసుకెళ్లి చూపించండి. (ఓటుకింత అని పంచేవాళ్ల లెక్క ఏ పుస్తకంలోనూ ఉండదు. మీ స్నేహితుడు కూడా “ఆఖరి రాత్రికి కొంత ఉండాలి కదా” అన్నాడంటే, ఆర్‌డీ వెంటనే పాప పేరుకి మార్చేయండి.)

ఉత్సాహంలో జరిగే పొరపాట్లు రెండున్నాయి. అభ్యర్థి రాతపూర్వక అనుమతి లేకుండా మీ సొంత డబ్బుతో ఫ్లెక్సీ కట్టించినా, కరపత్రాలేయించినా అది నేరం, భారతీయ న్యాయ సంహిత 176 కింద పదివేల దాకా జరిమానా. కరపత్రం మీద అచ్చువేసినవారి పేరూ వేయించినవారి పేరూ ఉండాలి. రెండోది బస్సు. హైదరాబాదు, చెన్నైలకి పనికెళ్లిన మనవాళ్లని ఓటింగుకి రప్పించాలని మీలాంటి వాళ్లు సొంత ఖర్చుతో బస్సు మాట్లాడుతుంటారు. ఓటర్లని పోలింగుకి ఉచితంగా తరలించడం చట్టం దృష్టిలో అవినీతి చర్య, గెలిచినా ఎన్నిక రద్దయ్యే ప్రమాదముంది. వాళ్లకి ముందే ఫోన్లు చేసి, ఎవరి టిక్కెట్టు వాళ్లే రిజర్వేషన్ చేయించుకునేలా చూడండి. ఆదివారాలు ఇలాంటి పని చేసి పెడితే మీ 18 వేల కంటే ఎక్కువ విలువ.

అన్నట్టు, మీ పాపకి 2029కి ఓటొచ్చేస్తుంది. 17 నిండగానే ఓటరుగా నమోదుకి ఫారం 6 ముందస్తుగా పెట్టుకోవచ్చు. ఆ ఆర్‌డీ కట్టే ముందు తన చెవిన కూడా ఓ మాట వెయ్యండి.