నీకు నచ్చిన ఆ సెకను ఏది?

అమ్మాయీ,

నీ ఉత్తరం, దాంతో పాటు పంపిన పది పేజీలు రెండుసార్లు చదివాను, రాత్రి ఒకసారి, పొద్దున లేవగానే ఇంకోసారి. నీకు నచ్చిన సినిమాలు, పాటలు, రోజూ దొరికే చిన్న చిన్న సంతోషాలు, వీటి మీద వరసగా రాయాలనుకుంటున్నానన్నావు. మంచి పని. ఇది తేలిక విషయమని చాలామంది అనుకుంటారు, కష్టాల గురించి రాస్తేనే రచన అన్నట్టు మాట్లాడతారు. ముప్పై ఏళ్లకు పైగా రాస్తున్న నాకైతే ఇష్టం గురించి రాయడమే అన్నిటికంటే కష్టంగా ఉంటుంది. కోపం వస్తే మాటలు వాటంతటవే తన్నుకొస్తాయి. అదే ఇష్టం దగ్గరికొచ్చేసరికి 'అద్భుతం', 'సూపర్', 'మనసుకు హత్తుకుంది' అని నాలుగు మాటలు అనేశాక ఇక ఏం రాయాలో తోచదు.

నీ పేజీల్లో జరిగింది అదే. సూటిగా చెబుతున్నానని ఏమీ అనుకోకు. 'అద్భుతం' అన్న మాట కింద పెన్సిల్‌తో గీతలు పెట్టుకుంటూ వెళ్తే పదిహేడు తేలాయి. ఆ పదిహేడు చోట్లా నీకు నిజంగానే ఏదో జరిగిందని నాకు తెలుసు, కానీ ఏం జరిగిందో చెప్పకుండానే ఆ మాట తలుపు వేసేసింది. కానీ ఏడో పేజీలో, ఎవరూ చూడరనుకున్నావో ఏమో, బ్రాకెట్లో ఒక మాట పెట్టావు: ఆ పాట మొదలయ్యే ముందు గాయని ఊపిరి తీసుకోవడం వినిపిస్తుందనీ, పాటను అక్కడికే వెనక్కి జరుపుకుని మళ్లీ మళ్లీ వింటాననీ. అక్కడ ఆగిపోయాను. ఆ బ్రాకెట్ కోసమే ఈ ఉత్తరం రాస్తున్నాను.

రెండున్నర గంటల సినిమా అంటే 9,000 సెకన్లు. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున 2,16,000 బొమ్మలు మన కళ్ల ముందు నుంచి వెళ్లిపోతాయి. అన్నిటినీ ఒకేలా ప్రేమించడం ఎవరి వల్లా కాదు. సినిమా బాగుందని మనం అనేటప్పుడు నిజానికి మనల్ని పట్టుకున్నది ఏ పది సెకన్లో, ఏ రెండు షాట్లో అయి ఉంటాయి, మిగతా సినిమా అంతా మనల్ని అక్కడికి తీసుకెళ్లడానికో, అక్కడి నుంచి ఇంటికి పంపడానికో పనికొస్తుంది. కాబట్టి ఏ సినిమా గురించి కూర్చున్నా ముందు ఆ సెకను ఎక్కడుందో వెతుకు. హీరోయిన్ తలుపు దగ్గర వెనక్కి తిరిగి చూసినప్పుడా, చూడకుండా వెళ్లిపోయినప్పుడా? ఆ తేడా నీకు తెలిసేవరకూ పెన్ను పట్టుకోకు.

ఒక తప్పు చెబుతాను. నీ వయసులో నేను ఒక పత్రికకు నాకు నచ్చిన సినిమాల గురించి రాశాను. అందులో ఒక పెద్ద దర్శకుడి సినిమా పెట్టాను, ఆయన్ని పెట్టకపోతే సినిమా తెలియనివాళ్ల కింద లెక్క అని అప్పట్లో ఒక భయం ఉండేది. నిజమేమిటంటే ఆ సినిమా సగంలో నాకు నిద్రపట్టింది. ఆ వ్యాసానికి ఒక పెద్దాయన కార్డు ముక్క రాశారు, "మిగతావన్నీ మీరు చూశారు, ఇది మాత్రం విన్నారు" అని. చాలా రోజులు సిగ్గుతో చచ్చిపోయాను. పాఠకుడికి ఇది ఎలా తెలుస్తుందని అప్పుడు ఆశ్చర్యపోయాను కానీ ఇప్పుడు నీ పేజీలు చదువుతుంటే నాకూ తెలిసిపోయింది. నీ జాబితాలో మూడో సినిమా, ఐదో సినిమా నీవి కావు. వాటి దగ్గర నీ వాక్యాలు హఠాత్తుగా బట్టలు మార్చుకుని, పెద్ద పెద్ద మాటలు వేసుకుని నిలబడ్డాయి. తీసెయ్. వాటి స్థానంలో నువ్వు సెలవుల్లో నాలుగుసార్లు చూశానని సిగ్గుపడుతూ రాసిన ఆ కామెడీ సినిమాను పెట్టు.

మన భాషలో ఇష్టానికి ఎన్ని మాటలున్నాయో ఎప్పుడైనా గమనించావా? మక్కువ, మోజు, ముచ్చట, మురిపెం, మమకారం, అభిరుచి. ఇవన్నీ ఒకటి కాదు. మోజు తీరిపోతుంది, తీరిపోతుందని తెలిసి కూడా వస్తుంది. మక్కువ తీరదు. ముచ్చటలో కాస్త చిన్నపిల్లల తనం ఉంది, మురిపెంలో మనది అన్న గర్వం ఉంది. మమకారం ఉన్నచోట ఆ వస్తువు మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నే రాదు. నువ్వు అన్నిటికీ 'నాకు చాలా ఇష్టం' అనే రాశావు. నీ పది పాటలూ ముందేసుకుని ఏది మోజు, ఏది మమకారం అని విడదీసి చూడు. నా లెక్కన వాటిలో కనీసం మూడు అలవాటు అయి ఉంటాయి, ఇంట్లో ఎవరో రోజూ పెట్టడం వల్ల చెవిలో పాతుకుపోయినవి. అందులో తప్పేమీ లేదు. రాబర్ట్ జయాన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1968లోనే ఈ సంగతి చూపించాడు: అర్థం తెలియని మాటలైనా, గుర్తులైనా సరే, ఎక్కువసార్లు కంటపడితే చాలు, మనుషులకు వాటి మీద ఇష్టం పెరుగుతుందట. అంటే మన ఇష్టాల్లో కొన్ని మనం ఎంచుకున్నవి కావు, మన చుట్టూ ఉన్నవాళ్లు తెలియకుండానే మనలో నాటినవి. అలాంటి పాట గురించి రాసేటప్పుడు పాటను పొగడకు, ఆ పాట పెట్టిన మనిషి గురించి రాయి. ఏ వేళకు పెట్టేవారు, వింటూ ఏం చేస్తుండేవారు, ఏ చరణం దగ్గర గొంతు కలిపేవారు. పాట దానంతటదే వస్తుంది.

ఇక ఆ ఊపిరి సంగతి. దాన్ని నువ్వు తేలిగ్గా తీసుకున్నావు కానీ అందులో చాలా ఉంది. గొంతును పట్టి ఉంచి మళ్లీ వినిపించే యంత్రం, ఎడిసన్ ఫోనోగ్రాఫ్, 1877లో వచ్చింది. అంతకుముందు ఎంత పెద్ద మహారాజైనా సరే, ఒక పాట మళ్లీ వినాలంటే పాడినవాళ్లనే పిలిపించాలి, వాళ్లు పాడినా అది ఇంకో పాటే అవుతుంది, అదే ఊపిరి మళ్లీ రాదు. ఒక మనిషి ఒకానొక క్షణంలో తీసుకున్న ఒకే ఒక్క ఊపిరిని వందసార్లు వినడం అనే ఈ సుఖం వయసు నూట యాభై ఏళ్లు కూడా లేదు. తర్వాత రికార్డులు వచ్చాయి. నిమిషానికి 78 చుట్లు తిరిగే పది అంగుళాల రికార్డు ఒక వైపు పట్టేది మూడు నిమిషాల చిల్లర మాత్రమే, అందుకే పాటలు ఆ కొలతకు కుదించుకోవాల్సి వచ్చింది. 1948లో ఎక్కువసేపు పాడే ఎల్పీ రికార్డులు వచ్చి ఆ హద్దు పోయింది, అయినా మూడు నాలుగు నిమిషాల పాట అలవాటు మాత్రం మనల్ని ఈరోజుకీ వదల్లేదు. 1979లో వాక్‌మన్ వచ్చింది, వెంట తీసుకెళ్లి చెవులకు పెట్టుకుని వినే చిన్న క్యాసెట్ ప్లేయర్. అప్పటినుంచీ పక్కన నడిచే మనిషికి కూడా తెలియకుండా మనకంటూ ఒక పాట వింటూ నడవడం మొదలైంది. నువ్వు చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఆ సెకను దగ్గరికి వేలితో జరుపుకుంటున్నావంటే వెనకాల ఇంత దారి ఉంది. ఇదంతా నీ వ్యాసంలో పెట్టమని కాదు. ఇది తెలిసి రాస్తే ఆ ఊపిరిని బ్రాకెట్లో పెట్టవు, అంతే.

తొమ్మిదో పేజీలో ఒక సీన్ గురించి 'ఆ నిశ్శబ్దం గుండెను పిండేసింది' అన్నావు. పిండేసి ఉంటుంది, నమ్ముతాను. కానీ ఆ సీన్ మళ్లీ పెట్టుకుని కళ్లు మూసుకుని విను. సినిమాలో నిశ్శబ్దం కూడా రికార్డు చేసిందే. షూటింగ్ చోట అందరినీ కదలకుండా నిలబెట్టి, ఎవరూ మాట్లాడకుండా, ఆ ఖాళీ గది చప్పుడును ఒక అరనిమిషమో నిమిషమో రికార్డు చేసుకుంటారు. దాన్ని రూమ్ టోన్ అంటారు. ఎందుకంటే సౌండ్ మొత్తం తీసేస్తే అది నిశ్శబ్దంలా అనిపించదు, స్పీకర్ పాడైనట్టు ఉంటుంది. కాబట్టి నీ గుండెను పిండిన నిశ్శబ్దంలో ఒక ఫ్యాన్ తిరుగుతూ ఉండొచ్చు, దూరంగా ఒక బండి పోతూ ఉండొచ్చు, చీర కుచ్చిళ్లు నేలకు రాసుకుంటూ ఉండొచ్చు. అది ఏమిటో కనిపెట్టి రాయి. పాఠకుడు ఆ ఫ్యాన్ చప్పుడు వింటే చాలు, గుండెను పిండటం అతని వంతు.

అయితే నేను చెప్పేదానికి ఒక మినహాయింపు ఉంది, అది నా అనుభవమే. చిన్నప్పుడు చూసిన ఒక సినిమాలో ఒక సీన్ నాకు దాదాపు పాతికేళ్లు గుర్తుండిపోయింది. తండ్రి ఉత్తరం చదువుతుంటాడు, వెనక కిటికీలో వాన పడుతుంటుంది. ఎన్నిసార్లు తలచుకున్నా ఆ వానే ముందు గుర్తొచ్చేది. చాలా ఏళ్ల తర్వాత మళ్లీ చూడటం కుదిరింది. ఉత్తరం ఉంది. తండ్రి ఉన్నాడు. కిటికీ లేదు, వాన లేదు, మిట్టమధ్యాహ్నం ఎండ. నా ఇంట్లో ఎప్పుడో పడిన వాన ఆ సినిమాలోకి ఎలా వెళ్లిందో నాకిప్పటికీ తెలియదు. కొన్ని రోజులు మోసపోయినట్టు అనిపించింది, తర్వాత అది నాకు దొరికిన పెద్ద కానుక అని అర్థమైంది. అందుకని మళ్లీ చూసి సరిచేసుకునే ముందు గుర్తున్నది గుర్తున్నట్టే ఒక కాగితం మీద రాసి పెట్టుకో. రెండూ పక్కపక్కన పెడితే, ఆ రెండిటికీ మధ్య ఉన్న ఖాళీలో నువ్వు దొరుకుతావు. నా వాన గురించి రాసిన వ్యాసానికి వచ్చినన్ని ఉత్తరాలు నేను రాసిన మరి దేనికీ రాలేదు.

చిన్న సంతోషాల పేజీ నాకు అన్నిటికంటే నచ్చింది, అన్నిటికంటే తొందరగా అయిపోయింది కూడా. దిండు తిరగేస్తే తగిలే చల్లదనం, వాన పడగానే లేచే మట్టి వాసన, బిగుతు చెప్పులు విప్పడం. ఇరవై రాశావు, ఒక్కోటి ఒక్కో లైను. ఇరవై వద్దు, మూడు చాలు. సంతోషాన్ని ఒంటరిగా తెచ్చి పేజీ మీద పెడితే అది కనబడదు. కులెషోవ్ అనే రష్యన్ దర్శకుడు సుమారు వందేళ్ల కిందట ఒక ప్రయోగం చేశాడు. ఏ భావమూ లేని ఒకే నటుడి ముఖాన్ని ఒకసారి సూప్ గిన్నె పక్కన, ఒకసారి శవపేటిక పక్కన, ఒకసారి ఒక స్త్రీ పక్కన అతికించి చూపించాడు. చూసినవాళ్లకు అదే ముఖంలో ఆకలి, దుఃఖం, కోరిక కనిపించాయని చెబుతారు. పక్కన ఏముందన్నదే మొత్తం మార్చేస్తుంది. రాతలోనూ అంతే. మనకు హాయిగా ఉండే వాటిలో సగానికి సగం ఏదో ఒక ఇబ్బంది ఆగడమే, ఆలోచించి చూడు. చెప్పులు విప్పడంలో సుఖం రావాలంటే ఆ ముందు నాలుగు గంటలు నువ్వు ఎక్కడ నిలబడ్డావో, ఎవరి కోసం ఆ చెప్పులు వేసుకున్నావో రాయాలి, చిటికెన వేలు ఎలా మండిందో రాయాలి. ఆ తర్వాత 'విప్పేశాను' అన్న ఒక్క మాట సరిపోతుంది.

మట్టి వాసన దగ్గర 'మాటల్లో చెప్పలేం' అని వదిలేశావు. ఈ మాట ఇంకెప్పుడూ రాయకు, దయచేసి. చెప్పడమే మన పని. ఆ వాసనకు పెట్రికోర్ అని 1964లో ఇద్దరు శాస్త్రవేత్తలు, ఇసబెల్ బేర్, రిచర్డ్ థామస్, పేరు పెట్టారు. ఎండల్లో మొక్కల నుంచి వచ్చే నూనెలు మట్టికీ రాళ్లకూ పట్టి ఉంటాయి, మట్టిలోని సూక్ష్మజీవులు తయారుచేసే జియోస్మిన్ అనే పదార్థం కూడా తోడవుతుంది. చినుకు పడగానే మట్టి రంధ్రాల్లోని గాలి బుడగలుగా లేచి, పగిలి, ఆ వాసనను పైకి చిమ్ముతుంది. ఇది చదివాక నాకు ఆ వాసన ఇంకా ఎక్కువ నచ్చింది. ఎలా జరుగుతుందో తెలిస్తే మజా పోతుందంటారు కొందరు, నాకైతే ఎప్పుడూ పోలేదు, తెలిసిన కొద్దీ చూడాల్సింది పెరిగింది.

చివర్లో ఒక ప్రశ్న అడిగావు, నా ఇష్టాలు ఎవరికి కావాలి, చదివేవాళ్లు నవ్వుతారేమో అని టెన్షన్‌గా ఉందని. కొందరు నవ్వుతారు. కొందరు 'పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి' అనేసి పేజీ తిప్పేస్తారు. ఆ సామెతను జనం మాట ముగించడానికి వాడతారు, నువ్వు అక్కడే మాట మొదలుపెట్టాలి. ఈ పుర్రెకు ఈ బుద్ధి ఎలా వచ్చింది, ఎవరి వల్ల వచ్చింది, ఎప్పుడు వచ్చింది? దానికి నిజంగా జవాబు వెతుకుతూ రాస్తే నీ పాట వినని మనిషి కూడా చదువుతాడు. ఆ పాట అతనికి నచ్చక్కర్లేదు. చదివాక తన పాట దగ్గరికి వెళ్లి తనూ వెనక్కి జరుపుకుని వింటాడు.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. ఈ పది పేజీలు పక్కన పెట్టు, చించకు. ఆ పాట మొదట్లో ఉన్న ఊపిరి గురించి మాత్రమే రెండు పేజీలు రాసి పంపు. గాయని పేరు, సంగీత దర్శకుడి పేరు చివరిదాకా రావద్దు. 'అద్భుతం' రాకూడదు. మొదటిసారి అది వినిపించిన రోజు నువ్వు ఎక్కడున్నావో ఉండాలి, పక్కన ఎవరున్నారో ఉండాలి, ఎవరూ లేకపోతే ఎందుకు లేరో ఉండాలి. తొందరేమీ లేదు, నెల పట్టినా పర్లేదు. ఈలోగా నేనూ ఆ పాట సంపాదించి, గదిలో ఫ్యాన్ ఆపేసి, ఆ ఊపిరి వింటాను.